స్టేట్ మినిమమ్ ఉంటే సరిపోతుందా?

అమెరికాలో కొత్తగా కారు కొన్న మనవాళ్ళను "ఇన్సూరెన్స్ తీసుకున్నావా?" అని అడిగితే చాలామంది చెప్పే మాట, "తీసుకున్నాను, స్టేట్ మినిమమ్" అని. ఆ మాట వినగానే గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న అమ్మానాన్నల మనసు కుదుటపడుతుంది. చట్టం అడిగింది చేశామన్న ధీమా పిల్లలకూ ఉంటుంది. చేయడం మంచిదే. అయితే చట్టం ఎవరి కోసం అడిగింది, ఎంతవరకు అడిగింది అన్నది తెలియకపోతే ఆ ధీమా మొదటి ప్రమాదం దాకానే నిలుస్తుంది. డల్లాస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల తెలుగువాళ్ళు ఎక్కువ కాబట్టి టెక్సాస్‌ను పట్టుకుని చెబుతాను. మిగతా రాష్ట్రాల లెక్క ఎక్కడ వేరవుతుందో దారిలో చూద్దాం.

పాలసీ మీద 30/60/25 అని ఉంటుంది. అదేమిటి?

టెక్సాస్ రోడ్డు మీద కారు నడపాలంటే ఉండి తీరాల్సిన కనీస బీమా అది. మూడు అంకెలూ వేల డాలర్లలో చదువుకోవాలి. మీ తప్పువల్ల ప్రమాదం జరిగితే, అవతల గాయపడినవారికి, లేదా చనిపోతే వారి కుటుంబానికి, ఒక్కొక్కరి లెక్కన కంపెనీ 30,000 డాలర్ల వరకు ఇస్తుంది. ఎంతమంది గాయపడినా ఆ ఒక్క ప్రమాదానికి అందరికీ కలిపి 60,000 దాటదు. వాళ్ళ కారు కావచ్చు, ఎవరింటి కంచో దుకాణం గోడో కావచ్చు, మీరు పాడుచేసిన ఆస్తికి 25,000 వరకు ఇస్తుంది. టెక్సాస్‌లో ఈ అంకెలు 2011 జనవరి నుంచి ఇలాగే ఉన్నాయి.

దీన్ని లయబిలిటీ కవరేజ్ అంటారు. ఇది మొత్తం అవతలివాళ్ళ కోసం. మీ కారు బాగుచేయించడానికి ఇందులో ఒక్క డాలరు లేదు, మీ ఆసుపత్రి ఖర్చుకూ లేదు. ఇంకో సంగతి. చట్టం కనీసం అన్న అంకె, ప్రమాదం జరిగిన రోజున కంపెనీ ఇచ్చే గరిష్ఠం. అంతకు మించిన నష్టానికి బాధ్యులు మీరే.

లెక్క వేసి చూపిస్తారా?

ప్లేనోలో ఎర్రలైటు చూసుకోకుండా ముందుకు పోయి, పక్కనుంచి వస్తున్న ఎస్‌యూవీని గుద్దారనుకోండి. అందులో ముగ్గురున్నారు. బండి నడుపుతున్నామెకు మణికట్టు విరిగి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఆసుపత్రి బిల్లు, పనికి పోలేని రోజుల జీతం కలిపి 48,000 డాలర్లు. పక్కనున్నాయన ఖర్చు 20,000. వెనక కూర్చున్న కుర్రవాడికి 9,000. వాళ్ళ బండి ఇక బాగుచేయించే స్థితిలో లేదు, దాని విలువ 38,000.

మీ 30/60/25 ఎక్కడిదాకా వస్తుంది? మొదటామెకు 48,000 కావాలి, ఒక్కరికి ఇచ్చేది 30,000 కాబట్టి అక్కడే ఆగుతుంది. మిగతా ఇద్దరికీ పూర్తిగా అందుతుంది. మొత్తం 59,000, అంటే 60,000 లోపే. అయినా ఆమెకు 18,000 తక్కువ పడింది. బండి దగ్గర 38,000కు 25,000 పోగా ఇంకో 13,000. అంటే ఎర్రలైటు దాటిన ఆ ఒక్క క్షణానికి బీమా ఉండి కూడా 31,000 డాలర్లు మీ మెడకు చుట్టుకుంటాయి. మీ సొంత కారు నష్టం దీనికి అదనం. ఇందులో అసాధారణమైనదేమీ లేదని కూడా గుర్తుంచుకోండి. ఎవరూ చనిపోలేదు, ఎవరూ మంచాన పడలేదు. ఐసీయూలో వారం రోజులుండాల్సిన గాయమైతే ఒక్కరి బిల్లే ఈ అంకెలన్నిటినీ దాటిపోతుంది.

మిగిలిన డబ్బు కోసం దావా వేస్తే, పాలసీ ఉన్నందుకు కంపెనీ మీ తరఫున వకీలును పెట్టి వాదిస్తుంది. చేతిలో ఆస్తిపాస్తులు లేని మనిషి మీద కోర్టుకెళ్ళి వచ్చేదేముందని అవతలివాళ్ళు చాలాసార్లు పాలసీ పరిమితితోనే రాజీ పడతారు. అది వాళ్ళ ఇష్టం, మీ హక్కు కాదు. పైగా వాళ్ళు రాజీ పడినంత మాత్రాన ఆ 18,000 ఎక్కడికీ పోదు. తప్పేమీ చేయని, మణికట్టు విరిగిన ఆమే మోస్తుంది. కనీసం కన్నా ఎక్కువ బీమా తీసుకోమని చెప్పడానికి అందరూ చూపే కారణం మీ ఆస్తి కాపాడుకోవడం. నాకు మాత్రం ఈ రెండో కారణమే పెద్దదిగా కనిపిస్తుంది. మన చేతిలో దెబ్బతిన్న మనిషికి కోలుకోవడానికి కావాల్సినంత డబ్బు అందాలి.

మన దేశంలో థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లాంటిదే కదా ఇది?

పునాది ఒకటే. కొలత దగ్గర చాలా తేడా ఉంది, మనవాళ్ళు పొరబడేది సరిగ్గా ఇక్కడే.

మన 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేకుండా బండి రోడ్డెక్కకూడదు. శ్రీకాకుళంలోనైనా ఆదిలాబాద్‌లోనైనా ఒకటే చట్టం. థర్డ్ పార్టీ ప్రీమియం ఎంతో కేంద్రమే ప్రకటిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది, మనిషి చనిపోయినా గాయపడినా ఇచ్చే పరిహారానికి పాలసీలో పైహద్దు లేదు. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ఎంత తేలిస్తే కంపెనీ అంత కడుతుంది. హద్దు ఉన్నది ఆస్తి నష్టానికే, సొంత కార్లకు ఏడున్నర లక్షల రూపాయలు.

ఆ అలవాటుతో వెళ్ళినవాళ్ళు "థర్డ్ పార్టీ ఉంది, ఎవరికేమైనా కంపెనీ చూసుకుంటుంది" అనుకుంటారు. అమెరికాలో ఏ రాష్ట్రంలోనైనా, మీరు ఎంచుకున్న అంకె దగ్గర కంపెనీ బాధ్యత ఆగిపోతుంది. ఎంచుకునే స్వేచ్ఛ మీది, ఎంచుకోవడం తెలియకపోతే వచ్చే కష్టమూ మీది.

ఒకే దేశంలో రాష్ట్రానికో తీరు ఎందుకు?

చరిత్రలో ఒక మలుపువల్ల. బీమా అన్నది రాష్ట్రాల మధ్య జరిగే వాణిజ్యం కాదని అమెరికా సుప్రీంకోర్టు 1869లో పాల్ వర్సెస్ వర్జీనియా కేసులో తేల్చింది. దాంతో బీమా మీద పెత్తనం రాష్ట్రాలకే మిగిలింది. 1944లో అదే కోర్టు ఇంకో కేసులో మాట మార్చి, బీమా కూడా వాణిజ్యమే, కేంద్ర చట్టాలు వర్తిస్తాయంది. అప్పటికే డెబ్బై ఏళ్ళుగా రాష్ట్రాలు తమ తమ బీమా శాఖలతో ఈ వ్యవహారం నడుపుతున్నాయి. మరుసటి సంవత్సరమే, 1945లో, అమెరికా కాంగ్రెస్ మెక్కారన్-ఫెర్గసన్ చట్టం చేసి ఆ అధికారాన్ని మళ్ళీ రాష్ట్రాల చేతికిచ్చింది. ఇప్పటికీ అదే ఏర్పాటు.

కారు నడపాలంటే బీమా ఉండాల్సిందేనని మొదట అన్న రాష్ట్రం మాసచూసెట్స్. 1925లో చట్టం చేసి 1927 నుంచి అమలు చేసింది. ఆ తర్వాత దాదాపు ముప్పై ఏళ్ళు ఇంకో రాష్ట్రం ఆ దారి పట్టలేదు. 1956లో న్యూయార్క్, 1957లో నార్త్ కరోలినా కదిలాయి. మధ్యకాలంలో మిగతా రాష్ట్రాలు వేరే పద్ధతి పాటించాయి. ముందు బీమా అడగవు. ప్రమాదం చేశాక, నష్టం కట్టగలనని ఆధారం చూపిస్తేనే లైసెన్సు నిలుస్తుంది. మొదటి ప్రమాదంలో దెబ్బతిన్నవాళ్ళ గతేమిటి అన్న ప్రశ్నకు ఆ పద్ధతిలో జవాబు లేదు. అందుకే ఒక్కొక్కటిగా తప్పనిసరి బీమాకు వచ్చాయి. న్యూ హాంప్‌షైర్ ఒక్కటే ఈనాటికీ అందరికీ బీమా తప్పనిసరి చేయలేదు. అక్కడ కూడా చేసిన నష్టం కట్టే బాధ్యత ఉంటుంది, కట్టలేకపోతే లైసెన్సు పోతుంది. వర్జీనియాలో 500 డాలర్ల రుసుము కట్టి బీమా లేకుండా తిరిగే వీలు 2024 జూన్ చివరిదాకా ఉండేది. ఆ రుసుముతో కొన్నది బీమా కాదు, అనుమతి మాత్రమే. దాన్ని తీసేయడం మంచి పని.

అంకెలు ఇంత తక్కువగా ఎందుకు మిగిలాయి?

పెంచితే ప్రీమియం పెరుగుతుంది, పెరిగితే చిన్న జీతగాళ్ళు కట్టలేక బీమా మానేస్తారన్న భయం శాసనసభలకు ఎప్పుడూ ఉంటుంది. ఆ భయంలో నిజం లేకపోలేదు. కాలిఫోర్నియా చూడండి. 1967లో పెట్టిన 15/30/5 అనే అంకెలు 2024 ఆఖరు వరకు అలాగే ఉన్నాయి. ఆస్తి నష్టానికి 5,000 డాలర్లు! అరవైల్లో ఆ డబ్బుకు కొత్త కారు వచ్చేది. 2025 జనవరి 1న 30/60/15కు పెంచారు, 2035లో 50/100/25 అవుతుంది. వర్జీనియా 2025లోనే 50/100/25కు చేరింది. నార్త్ కరోలినా 2025 జూలైలో 50/100/50 చేసింది. న్యూజెర్సీ రెండు మెట్లలో పెంచింది, 2023లో 25/50/25, 2026లో 35/70/25. మరోవైపు పెన్సిల్వేనియాలో ఇంకా 15/30/5.

కాబట్టి రాష్ట్రం పెట్టిన అంకెలో మీ అవసరం కొలిచినవారెవరూ లేరు. ఎప్పుడో ఒక సభలో ఎంతకు ఒప్పందం కుదిరిందో ఆ అంకె అది.

అంకెలేనా తేడా, పద్ధతి కూడా వేరా?

పద్ధతే వేరు. టెక్సాస్, జార్జియా, ఇలినాయ్, కాలిఫోర్నియా లాంటి చాలా రాష్ట్రాల్లో తప్పు ఎవరిదో వాళ్ళ కంపెనీ కడుతుంది. పన్నెండు రాష్ట్రాల్లో నో-ఫాల్ట్ పద్ధతి ఉంది. 1971లో మాసచూసెట్స్‌తో మొదలైంది. తప్పెవరిదో తేలేదాకా గాయపడినవాళ్ళు బిల్లులు పట్టుకుని ఎదురుచూడకూడదన్నది దాని ఆలోచన. గాయం ఎవరిదో వాళ్ళ కంపెనీయే ముందు ఆసుపత్రి ఖర్చు, పోయిన జీతంలో కొంత ఇచ్చేస్తుంది. దాన్ని పర్సనల్ ఇంజురీ ప్రొటెక్షన్, పొట్టిగా పీఐపీ అంటారు. న్యూయార్క్‌లో కనీసం 50,000 డాలర్ల పీఐపీ తప్పనిసరి. బదులుగా, గాయం తీవ్రమైనదైతేనే బాధకూ వేదనకూ అవతలివాళ్ళ మీద దావా వేయగలరు. న్యూజెర్సీలో ఆ దావా హక్కు ఉంచుకుంటారా వదులుకుంటారా అని పాలసీ తీసుకునేటప్పుడే అడుగుతారు, వదులుకుంటే ప్రీమియం తగ్గుతుంది. పెన్సిల్వేనియాలో ఇదే ఎంపికను ఫుల్ టార్ట్, లిమిటెడ్ టార్ట్ అంటారు. నెల ఖర్చు తగ్గుతుందని చూడకుండా గడి నొక్కేసేవాళ్ళు ఎందరో. మీరు అక్కడ అమ్మేస్తున్నది మీ హక్కును. ఆగి, చదివి నొక్కండి.

మిషిగన్‌లో 2020 జూలై వరకు ప్రమాదంలో గాయపడినవారికి జీవితాంతం, హద్దు లేకుండా వైద్యం బీమా కంపెనీలే చూసేవి. దేశంలోనే అక్కడ ప్రీమియం మండిపోవడానికి అదొక పెద్ద కారణం. ఇప్పుడు పరిమితిని ఎంచుకునే వీలు వచ్చింది.

ఫ్లోరిడా మీద నాలుగు మాటలు ఎక్కువ చెప్పాలి. అక్కడ సాధారణ డ్రైవరు నుంచి రాష్ట్రం అడిగేవి 10,000 డాలర్ల పీఐపీ, 10,000 డాలర్ల ఆస్తి నష్టం కవరేజ్, అంతే. అవతలి మనిషికి తగిలే గాయాలకు బీమా ముందుగా ఉండి తీరాలన్న నియమం చాలామందికి లేదు. అంటే టాంపాలోనో ఓర్లాండోలోనో మిమ్మల్ని గుద్దినవాడి దగ్గర చట్టం అడిగిన కాగితాలన్నీ ఉండి కూడా, మీ గాయానికి వాడి కంపెనీ ఇవ్వాల్సింది సున్నా కావచ్చు.

ఇంకో సంగతి, బీమా చట్టం కాకపోయినా చెప్పాల్సిందే. వర్జీనియా, మేరీల్యాండ్, నార్త్ కరోలినా, అలబామాల్లో ప్రమాదంలో మీ తప్పు ఇసుమంత ఉన్నా అవతలివాళ్ళ నుంచి పరిహారం రాకపోవచ్చు. టెక్సాస్‌లో మీ తప్పు సగం దాటనంతవరకు, మీ వాటా తగ్గించి మిగతాది వస్తుంది. కాబట్టి వర్జీనియాలోని యాష్‌బర్న్‌లోనో నార్త్ కరోలినాలోని షార్లెట్‌లోనో ఉన్నవాళ్ళు సొంత పాలసీ మీద ఇంకాస్త ఎక్కువ ఆధారపడాలి.

మరి నాకూ, నా కారులో ఉన్నవాళ్ళకూ దెబ్బ తగిలితే?

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే ప్రశ్న ఇది.

అమెరికాలో ఏడుగురు డ్రైవర్లలో సుమారు ఒకరు బీమా లేకుండా తిరుగుతున్నారని బీమా పరిశోధన సంస్థల అంచనా. చట్టం ఉంది, జరిమానా ఉంది, అయినా పరిస్థితి అది. బీమా లేనివాడు మిమ్మల్ని గుద్దితే, తప్పు నూటికి నూరుపాళ్ళు వాడిదే అయినా, వాడి దగ్గర తీసుకోవడానికి ఏమీ ఉండదు. దీనికోసం ఉన్నది అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవరేజ్. దానికి జంట అండర్‌ఇన్సూర్డ్, అంటే అవతలివాడికి బీమా ఉంది కానీ మీ నష్టానికి చాలదు. అప్పుడు లోటును మీ కంపెనీయే, మీరు తీసుకున్న పరిమితి వరకు, భర్తీ చేస్తుంది. పైన లెక్కలో 18,000 తక్కువ పడిన ఆమెను ఆదుకునేది ఇదే.

టెక్సాస్‌లో ఈ కవరేజ్‌నూ, మనిషికి కనీసం 2,500 డాలర్ల పీఐపీనీ ప్రతి పాలసీతోనూ కంపెనీ ఇవ్వజూపాలి. వద్దంటే ఆ మాట రాతపూర్వకంగా ఉండాలి. అంటే మీ పాలసీలో ఇవి లేవంటే, ఎక్కడో మీరు వద్దని సంతకం చేశారన్నమాట. ఆన్‌లైన్లో తీసుకునేటప్పుడు ధర తగ్గించుకుంటూ పోతే ఆ సంతకం ఎప్పుడు పడిందో కూడా తెలియదు. పాలసీ మొదటి పేజీని డిక్లరేషన్స్ పేజీ అంటారు. ఈ రాత్రే తెరిచి చూడండి. వద్దన్నారని తేలితే, ఏజెంటుకు ఒక్క ఫోను చేసి కలిపించుకోవచ్చు. ఇలినాయ్, న్యూయార్క్, నార్త్ కరోలినా లాంటి రాష్ట్రాల్లో బీమా లేనివాళ్ళ నుంచి రక్షణ ఇచ్చే కవరేజ్ తప్పనిసరిగానే వస్తుంది.

మన ఇళ్ళకు ఇది మరీ ముఖ్యం. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చి ఆరునెలలుంటారు. గుడికి, దుకాణాలకు, వారాంతాల్లో ఊళ్ళు చూడటానికి మీ కారులోనే తిరుగుతారు. వాళ్ళకు అక్కడి ఆరోగ్య బీమా ఉండదు. విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకున్నా పరిమితులు, మినహాయింపులు బోలెడు. పీఐపీ మీ కారులో కూర్చున్నవారికీ, తప్పెవరిదన్న ప్రశ్న లేకుండా పనిచేస్తుంది. అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కూడా మీతో ఉన్న ప్రయాణికులకు వర్తిస్తుంది. నెలకు కొద్ది డాలర్లు మిగిల్చుకోవడానికి ఈ రెంటినీ వదులుకున్న కారులో అమ్మానాన్నల్ని ఎక్కించుకోవడం నాకు నచ్చదు. టెక్సాస్‌లో 2,500 సరిపోదనిపిస్తే ఎక్కువ తీసుకునే వీలూ ఉంటుంది.

ఎంత తీసుకోవాలి? ఖర్చు ఎలా తగ్గించుకోవాలి?

100/300/100 దగ్గర మొదలుపెట్టమంటాను. పరిమితి మూడింతలైతే ప్రీమియం మూడింతలు కాదు. ప్రమాదాల్లో ఎక్కువ భాగం చిన్నవి, వాటి ఖర్చంతా మొదటి 30,000 లోపే పడుతుంది. అందుకే ఆ మొదటి మెట్టుకే ధర ఎక్కువ, పై మెట్లు చవక. ఇల్లు కొని, పొదుపు కూడబెట్టాక 250/500కు వెళ్ళి, కారు పాలసీ పరిమితి దాటిన నష్టానికి ఆపైన పది లక్షల డాలర్ల అంబ్రెల్లా పాలసీ తీసుకోవచ్చు.

కొత్తగా వెళ్ళినవారికి ప్రీమియం భారంగా ఉండేమాట నిజం. హైదరాబాదులో పదేళ్ళు బండి నడిపినా ఆ అనుభవాన్ని చాలా కంపెనీలు లెక్కలోకి తీసుకోవు. టెక్సాస్‌లో క్రెడిట్ చరిత్ర చూసి ధర కట్టే వీలుంది, కొత్తవాళ్ళకు అదీ ఉండదు. కాలిఫోర్నియా, మాసచూసెట్స్, హవాయిల్లో క్రెడిట్ చూడకూడదు. కాలిఫోర్నియాలో 1988లో ఓటర్లే 103వ ప్రతిపాదన నెగ్గించి, డ్రైవింగ్ రికార్డు, ఏడాదికి తిరిగే మైళ్ళు, నడిపిన సంవత్సరాలు, ఈ మూడే ధరలో ముందు రావాలని కట్టడి చేశారు.

తగ్గించుకోవాల్సి వస్తే సొంత కారు వైపు నుంచి తగ్గించండి. మీ కారు డ్యామేజీకి కొలిజన్ అనీ, దొంగతనం, వడగళ్ళు, వరద లాంటివాటికి కాంప్రిహెన్సివ్ అనీ వేరే కవరేజ్‌లు ఉంటాయి. రెండూ కలిపితే మనవాళ్ళు ఫుల్ కవరేజ్ అంటారు. రాష్ట్రం వీటిని అడగదు, కారు లోన్ ఇచ్చిన బ్యాంకు అడుగుతుంది. లోన్ లేని మూడు నాలుగు వేల డాలర్ల పాత కారైతే కొలిజన్ మానేయవచ్చు. కొత్త కారైతే, క్లెయిమ్‌లో ముందుగా మీరు పెట్టుకునే డిడక్టిబుల్‌ను 500 నుంచి 1,000కు మార్చుకోవచ్చు. పాత కారు పోతే మూడు వేల నష్టం, దాంతో అయిపోతుంది. లయబిలిటీ చాలకపోతే వచ్చే నష్టానికి అలాంటి గట్టు ఉండదు.

రూమ్మేట్ నా కారు తీసుకెళ్తే?

చాలా రాష్ట్రాల్లో బీమా కారుతో పోతుంది. మీ అనుమతితో ఎప్పుడో ఒకసారి స్నేహితుడు నడిపి గుద్దితే ముందు కట్టేది మీ పాలసీ, పెరిగేది మీ ప్రీమియం. ఒకే అపార్ట్‌మెంట్లో ఉంటూ తరచుగా నడిపే రూమ్మేట్ సంగతి వేరు. ఇంట్లో ఉండే డ్రైవర్లందరి పేర్లూ చెప్పమని కంపెనీ అడుగుతుంది. ధర పెరుగుతుందని దాచిపెడితే క్లెయిమ్ రోజున అదే అడ్డం తిరుగుతుంది. ఎవరినైనా ఎక్స్‌క్లూడెడ్ డ్రైవరుగా రాయిస్తే అతనికి తాళాలు ఇవ్వకండి. అతను నడిపినప్పుడు ఆ కారుకు బీమా లేనట్టే. నాన్నగారు మన లైసెన్సుతో నడపాలనుకుంటే, ఆ రాష్ట్రం ఒప్పుకుంటుందో లేదో చూసి, కంపెనీకి ముందే చెప్పండి.

అద్దె కారు తీసుకునేటప్పుడు క్రెడిట్ కార్డు బీమా ఇస్తుందని కౌంటరు దగ్గర అన్నీ వద్దంటారు. ఆ కార్డులు సాధారణంగా చూసుకునేది అద్దె కారుకు తగిలే దెబ్బను. మీరు గుద్దిన మనిషి సంగతి వాటికి పట్టదు. సొంత కారు పాలసీ ఉంటే దాని లయబిలిటీ చాలావరకు అద్దె కారుకూ వర్తిస్తుంది. సొంత కారు లేనివాళ్ళు కౌంటరులో లయబిలిటీ కొనాలి.

ప్రాజెక్టు మారి వేరే రాష్ట్రానికి వెళ్తే?

ప్రయాణానికి వెళ్తే ఏమీ చేయక్కర్లేదు. మీరు దాటే రాష్ట్రంలో కనీసం ఎక్కువైతే ఆ మేరకు మీ పాలసీ తనంతట తాను సర్దుకుంటుంది, పాలసీల్లో ఆ నిబంధన ఉంటుంది. కాపురం మారితే మాత్రం మార్చుకోవాలి. టెక్సాస్‌కు వచ్చినవారు 30 రోజుల్లో, కాలిఫోర్నియాకు వెళ్ళినవారు 20 రోజుల్లో, న్యూజెర్సీలో 60 రోజుల్లో కారును అక్కడ రిజిస్టరు చేయించాలి. దానికి ఆ రాష్ట్రపు బీమా కావాలి. న్యూజెర్సీలోని ఎడిసన్ కన్నా చవకని స్నేహితుడి డల్లాస్ చిరునామా మీద పాలసీ కొనసాగించేవాళ్ళున్నారు. కారు రాత్రిపూట ఎక్కడ నిలుస్తుందో దాన్నిబట్టే ధర. అబద్ధపు చిరునామా బయటపడితే కంపెనీ పాలసీనే రద్దు చేయగలదు.

న్యూయార్క్ వదిలి వెళ్ళేవాళ్ళు ముందు నంబర్ ప్లేట్లు రాష్ట్రానికి అప్పజెప్పి, ఆ తర్వాతే బీమా ఆపాలి. వరస తిరగబడితే రిజిస్ట్రేషన్ సస్పెండ్ అవుతుంది. మూడు నెలలు ఇండియా వస్తూ, బండి పార్కింగులోనే ఉంటుంది కదా అని బీమా మానేసేవారికి మరో చిక్కు. మధ్యలో గండి పడితే తిరిగి వెళ్ళాక ప్రీమియం పెరుగుతుంది. మానేసే ముందు కంపెనీతో మాట్లాడితే, రాష్ట్రం ఒప్పుకున్నచోట కాంప్రిహెన్సివ్ మాత్రం ఉంచి మిగతావి తాత్కాలికంగా ఆపుతారు.

బీమా లేకుండా పట్టుబడితే?

టెక్సాస్‌లో మొదటిసారి 175 నుంచి 350 డాలర్ల జరిమానా. తర్వాత 350 నుంచి 1,000, లైసెన్సు సస్పెండ్ కూడా కావచ్చు. టెక్సాస్‌ష్యూర్ అనే వ్యవస్థలో మీ నంబర్ ప్లేటు చూసి బీమా ఉందో లేదో పోలీసులు అక్కడికక్కడే తెలుసుకుంటారు. లైసెన్సు తిరిగి కావాలంటే మీకు బీమా ఉందని కంపెనీయే రాష్ట్రానికి పంపే ఎస్ఆర్-22 పత్రాన్ని కొన్నేళ్ళపాటు నిలుపుకోవాలి. అది ఉన్నన్నాళ్ళూ ప్రీమియం ఎక్కువే. కాలిఫోర్నియాలో 1996లో వచ్చిన 213వ ప్రతిపాదన ప్రకారం, బీమా లేనివాడిని వేరేవాళ్ళు గుద్దినా, బాధకూ వేదనకూ సాధారణంగా పరిహారం అడగలేడు.

గుద్దినవాడి దగ్గర స్టేట్ మినిమమే ఉందని తేలింది. ఇప్పుడు?

ఆ కంపెనీ కొద్ది రోజుల్లోనే ఫోను చేసి, మొత్తం పరిమితి ఇచ్చేస్తాం, కాగితం మీద సంతకం పెట్టండంటుంది. డబ్బు అవసరం ఉంటుంది, నొప్పి ఉంటుంది, సంతకం పెట్టేయాలనే అనిపిస్తుంది. ఆగండి. ఆ కాగితాన్ని రిలీజ్ అంటారు. దాంతో అవతలి డ్రైవరు మీద మీ హక్కులన్నీ తీరిపోతాయి. అండర్‌ఇన్సూర్డ్ కింద లోటు ఇవ్వాల్సిన మీ సొంత కంపెనీ, నన్నడక్కుండా రాజీ పడ్డారు అని మెలిక పెట్టవచ్చు. చాలా పాలసీల్లో ముందుగా తమ సమ్మతి తీసుకోవాలన్న షరతు ఉంటుంది. అవతలి కంపెనీ ఎంత ఇస్తానందో రాతలో తీసుకుని, దాన్ని మీ కంపెనీకి పంపి, వాళ్ళ సమ్మతి కూడా రాతలో వచ్చాకే సంతకం చేయండి. చికిత్స ఇంకా సాగుతుంటే, చివరికి ఖర్చు ఎంతవుతుందో డాక్టరు చెప్పేదాకా తొందరపడక్కర్లేదు. టెక్సాస్‌లో గాయాల దావాకు ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్ళ గడువుంది.